వరదకు ముందే రూతమ్మను కదిలించాలని గోదావరిఖని వెళ్ళాను

గోదావరిఖనికి షికారుకు ఎవరూ వెళ్ళరు. పనుండి వెళ్తారు, పని అయ్యాక బట్టలకంటిన బొగ్గు దుమ్ము దులుపుకొని తిరిగొస్తారు. నేనూ పని మీదే వెళ్ళాను. ఆ పని పేరు రూతమ్మ. బెల్లంపల్లిలో మేమిద్దరం ఒకే బడిలో ఉద్యోగం చేశాం. నేను పిల్లల్ని లెక్కలతో భయపెడితే ఆమె తెలుగు పద్యాలతో ఓదార్చేది. తర్వాత అక్కడి బాయిలు ఒక్కొక్కటే మూతపడి, ఆమె భర్త ప్రకాశంగారిని గోదావరిఖని వైపు బదిలీ చేశారు. (మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటాం. నీళ్ళ బావి అనుకొని చెంబు పట్టుకురావద్దు.) ఊరి అంచున, వాగు పక్కన, ఏటిగడ్డ కాలనీలో వాళ్ళు చిన్న ఇల్లు కట్టుకున్నారు. ప్రకాశంగారు పోయి కొన్నేళ్ళయింది. ఇల్లు ఇంకా గట్టిగానే ఉంది. రూతమ్మ మోకాళ్ళే గట్టిగా లేవు.

ఆ కాలనీకి ఉన్న చిక్కు వాగుతోనే. మామూలు రోజుల్లో వాగు బుద్ధిగా వెళ్ళి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు మాత్రం దాని నీళ్ళు లోపలికి రానివ్వదు. అప్పుడు వాగు వెనక్కి తన్ని కాలనీలోకి వస్తుంది. ఇక్కడ చినుకు పడకపోయినా, ఎగువన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ మంచాలు తేలుతాయి. కొన్నేళ్ళ కింద అట్లాగే తేలాయి. ఆ వారం రూతమ్మ మందమర్రిలో కూతురి దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. ఆమె ఇంట్లో నీళ్ళు కిటికీ దాకా నిలిచాయి. అప్పటినుంచి కాలనీ వాళ్ళు ఏటా వానలు ముదరకముందే ఒకరోజు ఉత్తుత్తి వరద పెట్టుకొని, ఇళ్ళు ఖాళీ చేసి, మిట్ట మీదున్న బడికి నడిచి సాధన చేస్తున్నారు.

మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చిన వారంలో రూతమ్మ కూతురు సునీత ఫోన్ చేసింది. మందమర్రిలో ఒక దవాఖానలో నర్సు. ఎప్పుడు ఫోన్ చేసినా షిఫ్టుకు వెళ్తూనో, షిఫ్టు దిగుతూనో ఉంటుంది. తల్లితో ఒక ఒప్పందం చేసుకున్నానని చెప్పింది. రెండో శనివారం జరిగే డ్రిల్లులో అమ్మ బడి దాకా వస్తే ఈ వానాకాలం ఆ ఇంట్లోనే ఉండొచ్చు. రాలేకపోతే ఆ సాయంత్రమే సామాను సర్దుకొని తనతో మందమర్రి రావాలి. రూతమ్మకు కూతురంటే ప్రాణం. కానీ కూతురి క్వార్టరు రెండో అంతస్తులో ఉంది. ఆ మోకాళ్ళతో ఒకసారి ఎక్కితే దిగేది దసరాకే. "పెద్దమ్మా, నీ మాట ఒక్కటే వింటది. జర నువ్వు పోయి కదిలియ్యి," అంది. నా మాట రూతమ్మ ఎన్నడూ వినలేదు. అయినా పిల్ల గొంతు విన్నాక అది చెప్పబుద్ధి కాలేదు.

శనివారం ఉదయం ఆరున్నరకు బెల్లంపల్లిలో బస్సెక్కాను. ఆడవాళ్ళకు జీరో టికెట్ కాబట్టి ఖర్చు లేదు, సీటు కోసం చేసే యుద్ధం తప్ప. ఆధార్ కార్డు మాత్రం మరచిపోవద్దు. కండక్టరమ్మ కార్డులో ఫొటో చూసి, నన్ను చూసి, ఇద్దరిలో ఎవరు నయమో తేల్చుకోలేక టికెట్ కొట్టింది. మందమర్రిలో రాత్రి షిఫ్టు దిగిన మనుషులు ఎక్కి, కూర్చున్న మరుక్షణమే నిద్రపోయారు. నా పక్కనాయన తల నా భుజం మీద వాలింది. కళ్ళ కింద కాటుక పెట్టినట్టు బొగ్గు గీత ఉంది. పోనీలే అని మంచిర్యాల దాకా ఊరుకున్నాను. మంచిర్యాల, శ్రీరాంపూర్ దాటాక గోదావరి వంతెన వస్తుంది. జూన్‌లో అక్కడ నది కంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. అది చూసి ఇది మనల్నేం చేస్తుందిలే అనుకుంటారు. నెల ఆగి వచ్చి చూడండి. మొత్తం గంటన్నర ప్రయాణం. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకు కరీంనగర్ మీదుగా బస్సులున్నాయి. రైలంటే రామగుండంలో దిగి షేర్ ఆటో పట్టుకోవాలి.

చౌరస్తా దగ్గర ఏటిగడ్డ కాలనీకి ఆటో మాట్లాడుకుంటే ఇరవై రూపాయలన్నాడు. ఎక్కి కూర్చున్నాక డ్రైవరు అద్దంలో నన్ను చూసి, "ఇయ్యాల ఆడ వరదనట గద అవ్వా, గొడుగు కూడ తెచ్చుకోలేదు," అన్నాడు. ఈత వచ్చు అన్నాను. మిగతా దారంతా నవ్వాడు గానీ రూపాయి తగ్గించలేదు.

ముందు బడి దగ్గర దిగాను, ఆ ఏర్పాట్లేమిటో చూద్దామని. కాలనీ మహిళా సంఘానికి పెద్ద రాజేశ్వరి, అందరికీ రాజక్క. రోజూ బస్టాండు దగ్గర టిఫిను బండి నడుపుతుంది. ఆ రోజు బండి మూసేసి మెడలో ఈల వేసుకొని నిలబడింది. బడి ఆవరణలో ముగ్గుపిండితో కాలనీ మొత్తం గీసి ఉంది. సందులు, చర్చి, మసీదు, బోరింగులు, వాగు మీది కల్వర్టు, ఒక్కో ఇంటికి ఒక గడి. చంటిపిల్లలున్న గడిలో కుంకుమ, మేకలున్న గడిలో నాలుగు వేపాకులు, నడవలేని మనుషులున్న గడిలో పసుపు. మొదట కాగితం మీద పటం పెట్టుకున్నారట. మొగవాళ్ళు దాని చుట్టూ నిలబడి తలలూపారు, ఆడవాళ్ళకు వీపులు తప్ప ఏమీ కనబడలేదు. ముగ్గు వేశాక అందరూ కూర్చున్నారు, ఎవరింట్లో ఎవరు మంచంలో ఉన్నారో ఒక్క పూటలో తేలిపోయింది. రూతమ్మ గడిలో కూడా పసుపు ఉంది. పోయినేడు ఆమె అది చూసి చెప్పుతో చెరిపేసిందని రాజక్క మెల్లగా చెప్పింది.

మొదటి ఏడాది హెచ్చరికకు సైరన్ పెట్టారట. బొగ్గు ఊళ్ళో సైరన్ మోగితే ఏమవుతుంది? షిఫ్టు సైరన్ అనుకొని మొగవాళ్ళు గడియారాలు చూసుకున్నారు, ఆడవాళ్ళు ఇంటాయన వచ్చే వేళయిందని బియ్యం కడిగారు. ఒక్కరూ గడప దాటలేదు. అందుకని ఇప్పుడు మసీదు మైకు, చర్చి గంట కలిపి మోగిస్తారు. ఆ రెండూ ఒకేసారి మోగాయంటే మామూలు సంగతి కాదని అందరికీ తెలుసు. కల్వర్టు గోడ మీద పచ్చ, పసుపు, ఎరుపు గీతలు గీశారు. నీళ్ళు పచ్చ గీత తాకితే సామాను పైకెక్కించాలి, పసుపు తాకితే మనుషులు కదలాలి, ఎరుపు తాకేసరికి కాలనీలో కోడి కూడా ఉండకూడదు. గీత చూసే వంతు వారానికొక ఇంటిది.

అన్నిటికంటే నాకు నచ్చింది బిళ్ళల పలక. వెనకటి రోజుల్లో బాయిలోకి దిగే ప్రతి మనిషికీ అంకె వేసిన ఇత్తడి బిళ్ళ ఉండేది. పైకొచ్చి బిళ్ళ అప్పజెప్తేనే ఆ మనిషి పైకొచ్చినట్టు. పలక మీద అతని కొక్కెం ఖాళీగా ఉందంటే ఇంకా కిందే ఉన్నాడని, వెతకడానికి వెళ్ళేవారు. ఏటిగడ్డలో రిటైరైన కార్మికులు అదే పద్ధతి వరదకు తెచ్చారు. ఇంటింటి తలుపు పక్కన మేకుకు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని రేకు బిళ్ళలు. ఎవరి బిళ్ళ వాళ్ళు తెచ్చి బడి గోడ మీది పలకకు తగిలించాలి. ఖాళీ కొక్కెం ఎవరిదైతే, ఆ ఇంటికి నలుగురు వెదురుబొంగులు కట్టిన కుర్చీ తీసుకొని పరుగెత్తుతారు. ఇంత చక్కటి కూడికలు తీసివేతలు నేను బడిలో కూడా చెప్పలేదు.

రూతమ్మ ఇంటికి వెళ్ళేసరికి సర్వపిండి కాల్చి పెట్టింది. నన్ను చూడగానే చిక్కిపోయావంది. అబద్ధమే అయినా వినడానికి బాగుంది. మందులు, ఇంటి కాగితాలు, బైబిలు ప్లాస్టిక్ కవర్లో కట్టి, మూతున్న బకెట్లో పెట్టి, బకెట్టు తలుపు పక్కన సిద్ధంగా ఉంచింది. సిద్ధంగా లేనిది ఆమె ఒక్కతే. కుర్చీలోంచి లేవడానికి బల్ల, గోడ, నా భుజం మూడూ కావాల్సి వచ్చాయి. చిన్నగా నడిచి పోదామా అని అడిగితే, గంట మోగనియ్యి, నువ్వయితే తిను అంది.

పదకొండింటికి మైకు, గంట కలిసి మోగాయి. సందంతా ఒక్కసారి కదిలింది. మెయిన్ స్విచ్చులు కట్టేసిన చప్పుళ్ళు, విప్పేసిన మేకల అరుపులు, ఎవరో అత్త, ఎవరో కోడలు, నీ చెప్పులేవంటే నీ చెప్పులేవని. నేను వంటింట్లో గ్యాసు కట్టేసి వచ్చేసరికి, పక్కింటి ఖాజా రూతమ్మ గడపలో వంగి ఏదో మాట్లాడి వెళ్ళిపోతున్నాడు. ఖాజా ప్రకాశంగారితో ఒకే షిఫ్టులో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. ఇప్పుడు స్కూటర్ల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. కాలనీ కట్టుబాటు ప్రకారం రెండేసి ఇళ్ళు జంట, గంట మోగగానే ఒకరి తలుపు ఒకరు తట్టాలి. రూతమ్మ ఇంటికి జంట ఖాజా ఇల్లు. తలుపు తట్టాడు, బాగానే ఉంది. కానీ తలుపు పక్కన మేకు ఖాళీగా ఉంది.

నీ బిళ్ళ ఏదని అడిగాను. రూతమ్మ చీర కొంగు సర్దుకుంది. "ఖాజా తీస్కపోయిండు. ఆడ తగిలిస్తడు. నేను పోయినట్టే," అంది. సునీత రాత్రి డ్యూటీ దిగి నేరుగా బడికే వస్తుంది. పలక మీద తల్లి బిళ్ళ చూస్తుంది, సంతోషిస్తుంది. జనం తిరిగొచ్చేటప్పుడు రూతమ్మ గడపలో నిలబడి అందరికంటే ముందే వచ్చిన మనిషిలా కనబడుతుంది. ఇల్లు నిలుస్తుంది. ఏళ్ళ తరబడి పరీక్షల్లో చూచిరాతలు పట్టుకున్న మనిషి వేసిన పథకం అది.

నేను అనాల్సినవన్నీ అన్నాను. ఆమె వినాల్సినవి ఒక్కటీ వినలేదు. చివరికి ఇద్దరం మంచం మీద పక్కపక్కన కూర్చుండిపోయాం.

సందు ఖాళీ అయ్యాక వచ్చే నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఫ్యాన్లు లేవు, టీవీలు లేవు, కుక్కరు కూతలు లేవు. ఎవరింట్లోనో సరిగా కట్టని నల్లా నుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. మామూలప్పుడయితే చెవికి ఎక్కని చప్పుడు. రూతమ్మ ఆ చప్పుడు వింటోందని తెలుస్తోంది. కాసేపటికి కాళ్ళు మంచం మీదికి లాక్కుంది, నేల తడిసినట్టు. మరి కాసేపటికి తలుపు వైపు చూడటం మొదలుపెట్టింది.

"విమలా, ఎవలన్న వస్తున్నరా?"

"ఎవరొస్తారు? నువ్వు బళ్ళో ఉన్నావు గదా."

"నువ్వున్నవు గద ఈడ. నీ కోసమన్న రావాలె."

"నాకు బిళ్ళే లేదు. లెక్క ప్రకారం నేను ఈ కాలనీకి రానే లేదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. నీళ్ళు నిజంగా వచ్చి ఉంటే ఈపాటికి మంచం కోళ్ళ దాకా వచ్చి ఉండేవి, పలక మాత్రం అందరూ క్షేమమని చెప్తూ ఉండేది. ఈ మాట నేను పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

కుర్చీ అంటే అంత నామోషీ ఏమిటని అప్పుడడిగాను. చాలాసేపు తలుపు వైపే చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆమె పుట్టి పెరిగింది బాయి క్వార్టర్లలో. ఆ రోజుల్లో నలుగురు మొగవాళ్ళు బాయి నుంచి మనిషిని మోసుకొని సందులోకి వస్తే, ఆడవాళ్ళంతా ఎక్కడి పని అక్కడ వదిలి తలుపుల్లో నిలబడేవారు. ఎవరింటి ముందు ఆగుతారో చూడటానికి. ఒకరోజు ఆమె వాళ్ళమ్మ పక్కన తలుపులో నిలబడి ఉంటే, ఆ నలుగురు వాళ్ళింటి ముందే ఆగారు. నాన్న. "తలుపులల్ల నిలవడ్డోళ్ళు మమ్మల్ని చూసిన సూపు ఉన్నది సూడు విమలా, అది నాకు ఇప్పటికీ వీపు మీదున్నట్టే ఉంటది. నన్ను గట్ల మోసుకపోతుంటే వాడంత గట్ల సూడాలెనా?" అంది. ఇన్నేళ్ళ స్నేహంలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను.

కాసేపయ్యాక ఆమే నా చెయ్యి వదిలి, "లే. పోదాం," అంది.

బకెట్టు నా చేతిలో, ఆమె నా భుజం మీద. మీరు ఆ దారిలో ఎప్పుడైనా నడిస్తే అయిదు నిమిషాల్లో బడికి చేరతారు. మాకు రెండిళ్ళకొక మజిలీ. ఒక అరుగు, ఒక బోరింగు దిమ్మె, మూసిన కిరాణా దుకాణం మెట్టు, అన్నిటి మీదా కూర్చున్నాం. కల్వర్టు దాకా వచ్చాం. అక్కణ్ణుంచి బడికి ఎక్కుడు దారి. రూతమ్మ ఒకసారి ఎక్కుడు వైపు చూసి, కల్వర్టు గోడ మీద కూర్చుండిపోయింది. కింద వాగులో పాదం మునిగేంత నీళ్ళున్నాయి. పచ్చ గీత వాటికి ఎంతో ఎత్తున ఉంది.

అక్కడే సునీత ఎదురొచ్చింది, దాదాపు పరుగులో. వెనకే ఖాజా. సునీత కళ్ళు రాత్రి డ్యూటీతో ఎర్రగా ఉన్నాయి. తర్వాత తెలిసింది, పలక మీద తల్లి బిళ్ళ చూసి మొదట పలకను పట్టుకొని ఏడ్చేసిందట. ఆ తర్వాత తల్లిని దగ్గరకు తీసుకుందామని గది గదీ వెతికింది. వెనక గదిలో పడుకుందని ఖాజా చెప్పాడు. వెనక గదిలో బెంచీలే ఉన్నాయి. సునీత తల్లి ముందు నిలబడి ఊపిరి అందాక ఒక్క మాటే అడిగింది.

"నీ బిళ్ళ ఆడ గోడకున్నది. నువ్వు ఈడున్నవు. రేపు నేను ఏది నమ్మాలె అమ్మా?"

ఖాజా ముందుకొచ్చి, తప్పు నాదే బేటా అన్నాడు. రూతమ్మ వాణ్ణేమనకు, నేనే ఇచ్చిన అంది. నేను ఇద్దరినీ అనాలనుకున్నాను గానీ ఖాజా ముఖం చూసి ఆగిపోయాను. ఆయన చెప్పింది ఇది. ప్రకాశంగారికి ఉద్యోగం చివరి రోజుల్లో మోకాళ్ళు పట్టేసేవి. షిఫ్టు దిగి పైకొచ్చాక బిళ్ళ ఇచ్చే కిటికీ దాకా నడవలేక బయటే బండ మీద కూర్చునేవారు. ఖాజా తన బిళ్ళతో పాటు ఆయనదీ ఇచ్చేవాడు. ఎవరి బిళ్ళ వాళ్ళే ఇయ్యాలన్నది బాయిలో గట్టి నియమమే. కానీ మనిషి పక్కనే ఉన్నాడు గదా అని. "వదిన అడిగితే భాయి అడిగినట్టే ఉండె. చెయ్యి ఆగలే అక్కా," అని నా వైపు తిరిగి అన్నాడు. "గప్పుడు భాయి నా ఎంబడే పైకొచ్చిండు. ఇయ్యాల వదిన కిందనే ఉన్నది. గది యాదికి రాలే."

ఈలోపు రాజక్క కూడా దిగొచ్చింది, ఒక చేతిలో ఈల, ఒక చేతిలో రూతమ్మ బిళ్ళ. నేను తిట్లు వస్తాయనుకున్నాను, రాలేదు. బిళ్ళ రూతమ్మ ఒళ్ళో పెట్టి గోడ మీద పక్కనే కూర్చుంది. నేను కుర్చీ సంగతి రెండు ముక్కల్లో చెప్పాను, తలుపుల్లో నిలబడే ఆడవాళ్ళ సంగతి కూడా. రూతమ్మ నన్ను కోపంగా చూసింది. చూడనియ్యండి, ఆ కోపానికి నేను అలవాటు పడ్డదాన్నే.

రాజక్క ఈల మళ్ళీ మెడలో వేసుకుంది. "రూతక్కా, వరదొచ్చిన నాడు తలుపులల్ల ఎవలుంటరు చెప్పు. ఉంటే మునుగుతరు. నీ ముందటోళ్ళు నీ ముందట నడుస్తరు, ఎనుకటోళ్ళు నీ ఎనుక నడుస్తరు. నిన్ను నిలవడి సూసేటోళ్ళే ఉండరు," అంది.

రూతమ్మ ఆ మాటను ఎటు తిప్పి చూసినా తప్పు దొరకలేదనుకుంటాను. ముక్కు తుడుచుకొని, ముందు అన్నం తిందాం, ఆకలి మీద ఎవలు మోస్తరు అంది.

బడిలో పెద్ద డేగిసాలో ఖాజా ఇంటావిడ చేసిన ఖిచిడీ, చింతపులుసు ఖట్టా. మా పళ్ళేలు కల్వర్టు గోడ దగ్గరికే దించారు. మనిషికి ఇంతని కాదు, తిన్నంత. చర్చి వాళ్ళు అరిటిపండ్లు, సంఘం వాళ్ళు మజ్జిగ. తింటూ ఉండగానే పద్ధతిలో రెండు మార్పులు జరిగాయి. బిళ్ళ తగిలించేటప్పుడు పలక దగ్గర నిలబడ్డ మనిషి బిళ్ళను కాక ముఖాన్ని చూసి పేరు పిలవాలి. ఇంకొకటి, చుట్టాల కోసం అంకె లేని బిళ్ళలు కొన్ని చెయ్యాలి. మొదటిది నాకే ఇచ్చారు. అట్లా ఆ మధ్యాహ్నం నేను ఏటిగడ్డ కాలనీలో పుట్టాను.

భోజనాలయ్యాక మేము మళ్ళీ మజిలీలు చేసుకుంటూ ఇల్లు చేరాక, రూతమ్మ వాళ్ళ సందు ఒక్కదానికే మళ్ళీ గంట కొట్టారు. ఈసారి ఖాజా గడపలోకి వచ్చి చెయ్యి చాపలేదు, కుర్చీ దించాడు. మోసిన నలుగురిలో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె బరువెంతని అడిగితే, జీతం తీసుకున్న రోజుల్లో కంటే తక్కువే అంది రూతమ్మ. బకెట్టు ఒళ్ళో పెట్టుకొని, నా చీర కొంగు ఒక చేత్తో పట్టుకొని కళ్ళు మూసుకుంది. కుర్చీ లేచింది. సందు మొదట్లో ఆ వేళ్ళు ఎంత బిగుసుకున్నాయంటే కొంగు చిరుగుతుందనుకున్నాను. రాజక్క చెప్పినట్టే ముందు కొందరు, వెనక కొందరు నడుస్తున్నారు. చంటిపిల్లలు, మేకలు, కోళ్ళ గంప, ఒకామె నెత్తి మీద కుట్టుమిషను. తలుపులన్నీ ఖాళీ. రూతమ్మ కళ్ళు తెరిచి అటూ ఇటూ ఒక్కో తలుపే చూస్తూ వచ్చింది. నాలుగిళ్ళు దాటేసరికి కొంగు వదిలింది. కిరాణా దుకాణం దాటేసరికి, ఎవరి ఇంటి కప్పు రేకులు ఊగుతున్నాయో, ఎవరు మెయిన్ స్విచ్చు కట్టకుండా వచ్చారో పైనుంచి చూసి చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కుడు దగ్గర ఖాజా రొప్పుతుంటే, బీడీలు మానమని మీ భాయి ఎన్నిసార్లు చెప్పిండు నీకు అని అక్కడ కూడా వదల్లేదు.

పలక దగ్గర కుర్చీ దించారు. అక్కడ కాపలా నిలబడ్డ అమ్మాయి ముఖం చూసి పేరు పిలిచింది. రూతమ్మ బిళ్ళను తన చేత్తో తగిలించింది. సునీత పక్కనే చేతులు కట్టుకొని నిలబడి ఉంది.

"కుర్చీ వస్తే ఎక్కుతవా?" అని అడిగింది.

"ఎక్కుత."

"పసుపు గీత కాడనే? ఎర్రది సూద్దామని కూసోవు గద?"

"పసుపు కాడనే."

సునీత కొంచెం సేపు తల్లి ముఖాన్ని చూసింది, దవాఖానలో జ్వరం దిగిందో లేదో చూసినట్టు. "గట్లయితే ఉండు," అంది. ఒప్పందంలో అమ్మ తన కాళ్ళ మీద తాను రావాలని ఉందా లేదా అని నేను అడగబోయి నోరు మూసుకున్నాను. లెక్కల టీచరుకు అది కష్టమే.

సాయంత్రం నా సంచీ కోసం ఇంటికి వెళ్తే సునీత తల్లి మంచం మీద బూట్లతోనే నిద్రపోయి ఉంది. రాత్రంతా డ్యూటీ, పగలంతా ఇది. డ్రిల్లు అయ్యాక పోయిన కరెంటు ఇంకా రాలేదు. రూతమ్మ పక్కన కుర్చీ వేసుకొని అట్టముక్కతో విసురుతోంది. వెళ్ళొస్తానంటే లేవబోయింది, వద్దన్నాను. విసరడం ఆపకుండానే తలూపింది.

ఈ కాలనీ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను, వంతెన మీద తిరుగు బస్సు ఆగిపోయిన అరగంటతో సహా. వరదకు ఏర్పాట్లంటే పడవలు, సైరన్లు, పెద్ద మాటలు అనుకునేదాన్ని. ఏటిగడ్డలో పలక బాగుంది, గీతలు బాగున్నాయి, ముగ్గు పటం బాగుంది. అయినా ఒక మనిషి మిగిలిపోయింది, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల కాదు, ఖాజా పట్టించుకోవడం వల్ల. మనవాళ్ళంటే మనకుండే ప్రేమ ఎప్పుడూ వాళ్ళ తరఫున అబద్ధమాడటానికి సిద్ధంగా ఉంటుంది. వాళ్ళకు కష్టం కాకుండా, వాళ్ళ మాట పోకుండా. అదే ప్రేమను తీసుకెళ్ళి వెదురుబొంగు కింద భుజం పెట్టించడానికి ఒక ఊరు ఒక పూట కూర్చొని మాట్లాడుకోవాలి. కొత్త యంత్రమేదీ అక్కర్లేకపోయింది. ఒక ముసలామె దేనికి భయపడుతుందో అడగడం, చెప్పేదాకా ఆగడం, అంతే. అడగడానికి నాకే ఇన్నేళ్ళు పట్టింది, నేను తెలివైనదాన్నని ఊళ్ళో పేరు.

మీరు వెళ్ళాలనుకుంటే జూన్‌లో, వానలు ముదరకముందు వెళ్ళండి. తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగే వేళ తప్పించుకోండి, ఆ బస్సుల్లో నిలబడే చోటు కూడా దొరకదు. ఇక అసలు సలహా ఒక్కటే. మీరుండేది ఏ నది పక్కనయినా సరే, మీ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని తోడు తీసుకొని, పొడిగా ఉన్న రోజున, పగటిపూట, దగ్గరలోని మిట్ట దాకా ఒకసారి నడిచి చూడండి. వాళ్ళు ఎక్కడ ఆగి కూర్చుంటారో చూసుకోండి. కుర్చీ అక్కడికి రావాలి.